రెండో రబ్బరు రింగు

ఆ మంగళవారం ఉదయం కెరెన్సా పాస్కో మెట్లెక్కి ఎనిడ్ ట్రెలోర్ ఆఫీసులోకి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే తలుపు గడియ వేసింది. ఎడమ మోచేతికి కట్టు ఉంది. నుదుటి మీద దెబ్బ కమిలి పచ్చబడుతోంది.

"నా వెనక ఎవరైనా వచ్చారేమో ఒక్కసారి చూస్తారా?" అంది.

కిటికీ పక్కనున్న గిల్ నాన్‌కివెల్ కిందికి తొంగిచూశాడు. వాలరూ రేవు వీధి ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. చేపల కొట్టు ముందు రెండు సీగల్ పక్షులు ఒక వేపుడు ముక్క కోసం పోట్లాడుకుంటున్నాయి.

"ఎవరూ లేరమ్మాయ్. కూర్చో. టీలో చక్కెర ఎంత?"

ఎనిడ్ ట్రెలోర్ మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ప్రైవేటు డిటెక్టివ్. అరవై దాటిన మనిషి. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ సగం జీవితం గడిపింది. రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోక చేపల కొట్టు మీది గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టింది. ఎన్నో కార్ల కేసులు తేల్చింది గానీ ఆమెకు కారు నడపడం మాత్రం రాదు. అందుకే ఒకప్పటి స్కూలు బస్సు డ్రైవరు గిల్‌ని పక్కన పెట్టుకుంది. ఎనిడ్‌ని మించిన తెలివైన మనిషి దక్షిణ ఆస్ట్రేలియాలోనే లేదని గిల్ నమ్మకం. ఆ మాట అడక్కుండానే అందరికీ చెబుతాడు, ఆమెకు తప్ప.

"నన్ను చంపాలని చూశారు, మిసెస్ ట్రెలోర్," అంది కెరెన్సా.

"ఎవరు?"

"నేను పెళ్ళి చేసుకోబోయిన మనిషి. లూకా." ఆ పేరు పలకగానే ఆమెకు కన్నీళ్ళాగలేదు. గిల్ టీ కప్పు ముందుకు జరిపి మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

కెరెన్సా మాకందరికీ తెలిసిన పిల్లే. గోధుమ గిడ్డంగుల వెనక చాలా ఏళ్ళు గ్యారేజీ నడిపిన హెడ్లీ పాస్కో కూతురు. నర్సు చదువు మధ్యలో ఉండగా తల్లికి జబ్బు చేస్తే చదువు మానేసి వచ్చేసింది. తల్లి పోయాక మళ్ళీ వెళ్ళలేదు. బేకరీలో పనికి కుదిరింది. తండ్రీ కూతుళ్ళు ఒకే ఇంట్లో ఉంటారు. పోయిన వేసవిలో ఆమె ఒక పాత స్పోర్ట్స్ కారు కొంది. రెండే సీట్లు, ఆకుపచ్చ రంగు, గుడ్డ టాపు. ఇద్దరు యజమానుల చేతులు మారిన బండి. ఆదివారాలు టాపు తీసేసి సముద్రం పక్కన నడుపుతుంటే ఆ పిల్ల మొహంలో చాలా ఏళ్ళకు వెలుగు కనిపించిందని బేకరీలో అందరూ అనుకునేవారు.

"మొదట్నుంచీ చెప్పు. ఏదీ వదలకు," అంది ఎనిడ్.

"కారు ప్రమాదానికి వారం ముందు, శనివారం, నేనే ఆయిల్ మార్చాను. జీవితంలో మొదటిసారి. నాన్న షెడ్డులో."

"ఆయన మార్చాడా, నువ్వు మార్చావా?"

"నేనే. నాన్న బయట పీపా మీద కూర్చుని టీ తాగుతూ చెప్పాడు. 'నేనొచ్చి చేస్తే నీకెప్పటికీ రాదు, నీ చేతులకే మురికి అంటాలి' అన్నాడు. ఒక్కసారి కూడా కారు కింద తల పెట్టలేదు."

"ఎలా మార్చావో నాకు చెప్పు. నేనొక మొద్దుననుకో."

కెరెన్సా కళ్ళు తుడుచుకుంది. పని గురించి చెబుతుంటే గొంతు కుదుటపడింది. "ఇంజను కాసేపు తిప్పి ఆయిల్ వెచ్చబెట్టాను. ముందు చక్రాలు ర్యాంపుల మీదికెక్కించి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టాను. కింద తట్ట పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాను. నల్లటి ఆయిల్ అంతా కారిపోయాక బోల్టు బిగించాను. తర్వాత డబ్బాలా ఉండే పాత ఆయిల్ ఫిల్టరు చేత్తోనే తిప్పి ఊడదీశాను. నీలం రంగుది. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు దానికే ఉందో లేదో చూడమన్నాడు నాన్న. ఉంది. నేను కళ్ళారా చూశాను. ఇంజను వైపు గుడ్డతో శుభ్రంగా తుడిచాను. కొత్త ఫిల్టరు, నల్లది, సూపర్‌మార్కెట్లో చవగ్గా దొరికింది, అది తిప్పి చేత్తో బిగించాను. పైనుంచి కొత్త ఆయిల్ పోశాను. ఇంజను తిప్పి కింద చూశాను, చుక్క కారలేదు. మర్నాడు పాయింట్ టర్టన్ దాకా వెళ్ళొచ్చాను. నేలమీద ఒక్క మరక లేదు."

"మళ్ళీ ఎప్పుడు తీశావు?"

"మొన్న శనివారం. వారంలో తియ్యను, పనికి నడిచే వెళ్తాను. మూంటా దారిలో మలుపు దగ్గర డాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్ర లైటు వెలిగింది. అప్పటికే ఆయిలంతా ఒక్కసారిగా కక్కేసింది. వెనక చక్రం ఆ ఆయిల్ మీదే జారింది. గోధుమ చేలోకి దూసుకుపోయాను. ఎదురుగా లారీ వచ్చుంటే..." ఆమె మోచేతి కట్టు సర్దుకుంది. "లారీ రాలేదు. అంతే."

పాడైన కారును టో బండితో లాక్కెళ్ళిన మెకానిక్ నరెల్ షూల్జ్ తన గ్యారేజీలో చూసి, ఫిల్టరు కింద ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు రింగులున్నాయని చెప్పింది. పాత రింగు ఇంజనుకే అంటుకుని ఉండిపోతే దానిమీదే కొత్తది బిగించేస్తారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ చేసే తప్పే అంది.

"కానీ నేను చెయ్యలేదు," అంది కెరెన్సా. "ఇంటికెళ్ళి చూశాను. నీలం ఫిల్టరు షెడ్డు తలుపు పక్కన ఐస్‌క్రీం డబ్బాలో బోర్లించి అలాగే ఉంది. దాని రింగు దానికే ఉంది. మరి ఆ రెండో రింగు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరో పెట్టారు."

"లూకా అని ఎందుకనుకున్నావు?"

"షెడ్డు తాళం మా ముగ్గురి దగ్గరే ఉంది. ఆ కారంటే అతనికి పడదు. 'ఈ డొక్కు నిన్ను మింగేస్తుంది, అమ్మెయ్' అని రోజూ పోరు. అదైనా సరే. కానీ గురువారం చేపల వేటకి సముద్రంలో ఉన్నానన్నాడు. ఉండలేదు. అతని పడవ రోజంతా రేవులోనే కట్టేసి ఉంది. నా కళ్ళతో చూశాను. ఎక్కడికెళ్ళావంటే మొహం తిప్పుకున్నాడు. ఆదివారం ఉంగరం తిరిగిచ్చేశాను. కారణం చెప్పలేదు. అతనూ గట్టిగా అడగలేదు! ఏ తప్పూ చెయ్యనివాడు అడగడా?"

"మీ నాన్నకి చెప్పావా?"

"ప్రమాదం సంగతి తెలుసు. లూకా మీద అనుమానం సంగతి చెప్పలేదు. లూకా అంటే ఆయనకి ప్రాణం." కెరెన్సా రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది. "మిసెస్ ట్రెలోర్, అతను చెయ్యలేదని మీరు చెబితే నాకంతకన్నా ఏమీ వద్దు. చేశాడని తేలినా చెప్పండి. తెలియకుండా మాత్రం బతకలేను."

ఎనిడ్ మధ్యాహ్నమే హెడ్లీ పాస్కో ఇంటికి వెళ్ళింది. గిల్ బండి ఆపి దిగేసరికి హెడ్లీ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల కొంచెం పక్కకి వాల్చి, వాళ్ళ చెవులకేసి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఎవరు?"

"నీ బాకీ వసూలుకి వచ్చానురా హెడ్లీ," అన్నాడు గిల్.

"ఏరా గిల్, నువ్వా! ఇంకా బతికే ఉన్నావురా బస్సు దొంగా! పక్కనెవరు?"

"ఎనిడ్‌ని. ఇన్సూరెన్సు పని మీద అమ్మాయి కారు సంగతి కనుక్కుందామని," అంది ఎనిడ్. అందులో సగం నిజమే.

హెడ్లీ వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఎడమ కన్ను రక్తం చిమ్మినట్టు ఎర్రగా ఉంది. గ్రైండింగ్ చేస్తుంటే రవ్వ పడిందన్నాడు. షెడ్డులో ప్రతి పానా గోడమీద దాని మేకుకే ఉంది. అతను చూడకుండానే చెయ్యి చాచి టీ కెటిల్ అందుకున్నాడు. కప్పులోకి వేలు పెట్టి, వేలికి వేడి తగిలాక పొయ్యడం ఆపాడు.

"వేలు కాలదా?" అన్నాడు గిల్.

"మెకానిక్ చేతులురా. వీటికి వేడేంటి, చల్లనేంటి."

పొద్దున కెరెన్సా కాల్చిపెట్టి వెళ్ళిన పేస్టీలు రెండు పళ్ళెంలో ఉన్నాయి. గనులు తవ్విన తాతల నాటి నుంచీ మా ఇళ్ళలో మాంసం, దుంపలు కూరిన ఈ పేస్టీల మూలన ఎవరిది వారికి తెలిసేలా పిండితోనే పేరులోని మొదటి అక్షరం అద్దుతారు. హెడ్లీకి ఉల్లిపాయ పడదు కాబట్టి అతనిది ఎప్పుడూ వేరుగా చేస్తారు. "అమ్మాయిది నువ్వు తిను ఎనిడ్, దానికి బేకరీలో ఏదో ఒకటి దొరుకుతుంది," అంటూ ఆమెకొకటిచ్చి, రెండోది తను కొరికాడు. ఒక్క క్షణం నమలడం ఆపి, మళ్ళీ ఏమీ అనకుండా తిన్నాడు. ఎనిడ్ తన దాంట్లో ఉల్లిపాయ లేదని గమనించి, అది కూడా ఏమీ అనకుండానే తింది.

"నీ యూట్ ట్రక్కు కదిలి చాలా రోజులైనట్టుంది?" అంది. షెడ్డు పక్కన నిలిపిన ఆ పికప్ బండి చక్రాల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది.

"క్లచ్ పోయింది. సామాను రావాలి."

హెడ్లీ గిన్నెలు లోపలికి తీసుకెళ్ళగానే ఎనిడ్ కనుసైగ చేసింది. గిల్ యూట్ ఎక్కి క్లచ్ తొక్కి, గేరు వేసి, దిగొచ్చాడు. "వెన్నలా ఉంది మేడమ్. మా బస్సుకి ఇలాంటి క్లచ్ ఉంటే నేను రిటైరయ్యేవాణ్ణే కాదు."

ఎనిడ్ అప్పటికే బెంచీ కింద వంగి చూస్తోంది. అక్కడ హెడ్లీ సొంత రేకు తట్ట ఉంది. ఆయిల్ చెత్తబుట్టలో పడెయ్యడం అతని దృష్టిలో మహాపాపం. ఎంత పాత ఫిల్టరైనా బోర్లించి, చివరి చుక్క దాకా కారనిచ్చి, ఊరి డంపులో ఆయిల్ పీపాకే చేరుస్తాడు. తట్టలో ఒక నల్ల ఫిల్టరు బోర్లా పడి ఉంది. ఎనిడ్ దాన్ని ఎత్తి అంచు చుట్టూ వేలు తిప్పి, మళ్ళీ అలాగే పెట్టేసింది.

నరెల్ షూల్జ్ గ్యారేజీలో రేడియో హోరెత్తుతోంది. నరెల్ భారీ మనిషి, నోరూ అంతే భారీ.

"హెడ్లీ పాస్కో కూతురు ఈ తప్పు చెయ్యడమా! నేను అతని దగ్గరే పని నేర్చుకున్నాను ఎనిడ్. రింగు మర్చిపోతే పానాతో మొట్టేవాడు. ఇదిగో, చూడు." డబ్బాలోంచి తెల్లటి ఫిల్టరు తీసి చూపించింది. దానికి రెండు రబ్బరు రింగులు, ఒకటి సగం బయటికి ఉబ్బి తెగి ఉంది. "ఆయిల్ తోపుడికి పైది జారిపోయింది. ఇంజను బతికింది, వెంటనే ఆపింది కాబట్టి. గుండె గట్టిది ఆ పిల్లకి."

"ఈ ఫిల్టరు మంచిదేనా?"

"మేలైనది. హెడ్లీ ఇవి తప్ప ఇంకోటి ముట్టుకోడు. అమ్మాయికీ అదే నేర్పాడన్నమాట."

ఎనిడ్ ఆ తెల్ల రేకుకేసి చాలాసేపు చూసింది. గిల్‌కి అర్థమైంది, ఏదో తేలిందని. ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

లూకా రాద్‌మన్ రేవులో వలలు సరిచేస్తూ దొరికాడు. పొడుగ్గా, రెండు రోజుల గడ్డంతో, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. వాళ్ళ తాత ఎప్పుడో అడ్రియాటిక్ తీరం నుంచి ట్యూనా వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

"కారు నీకు ఇష్టం లేదట?" అంది ఎనిడ్.

"లేదు. ఆమెని చూడకుండా వెళ్ళిపోయే లారీలున్నాయి ఆ రోడ్డు మీద. ఆ బండి నా మోకాలంత ఎత్తు లేదు."

"గురువారం ఎక్కడున్నావు?"

"వేటకెళ్ళాను."

"పడవ ఇక్కడే ఉంది కదా?"

"అయితే వేటకెళ్ళలేదు."

"మరెక్కడికెళ్ళావు?"

"చెప్పను."

"ఆమె ఉంగరం తిరిగిచ్చింది బాబూ. ఇప్పటికైనా చెప్పవా?"

లూకా వల ముడి మీద వేళ్ళు ఆపాడు. "మాటిచ్చాను," అన్నాడు. "చెబితే ఉంగరం తిరిగొస్తుందేమో, నాకూ తెలుసు. కానీ మాటిచ్చాను. మీరెన్నిసార్లు అడిగినా అంతే." మళ్ళీ వల అందుకున్నాడు గానీ, ముడి ఎక్కడ వదిలేశాడో అతనికి దొరకలేదు.

తిరిగి వస్తుంటే గిల్ ఉండబట్టలేకపోయాడు. "నాకు వాడు నచ్చాడు మేడమ్. అదే నా భయం. నాకు నచ్చినవాళ్ళందర్నీ మీరు జైలుకి పంపిస్తారు."

"ఆదివారం చర్చి అయ్యాక అందర్నీ హెడ్లీ షెడ్డుకి రమ్మను," అంది ఎనిడ్. "నరెల్‌ని ఆ ఫిల్టరు తెమ్మను. ఈ కేసులో జైలుకెళ్ళేవాళ్ళు లేరు. ఉంటేనే నాకు సుళువయ్యేది."

ఆదివారం షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. హెడ్లీ చర్చి చొక్కాతోనే పీపా మీద కూర్చున్నాడు. కెరెన్సా గోడకానుకుని నిలబడింది. లూకా ఆమెకు వీలైనంత దూరంగా, గుమ్మం దగ్గర. నరెల్ చేతులు కట్టుకుని బెంచీ పక్కన. గిల్ ఎనిడ్ వెనక నిలబడి, ఆమె ఏం చెప్పబోతోందో తనకు ముందే తెలిసినట్టు మొహం పెట్టాడు. పాపం, అతనికేం తెలియదు.

ఎనిడ్ బెంచీ మీద మూడు ఫిల్టర్లు పెట్టింది.

"ఇది నీలం. కెరెన్సా ఊడదీసిన పాతది. దీని రింగు దీనికే ఉంది. కాబట్టి ఆమె చెప్పింది నిజం, ఆమె ఏ రింగూ మర్చిపోలేదు. ఇది తెల్లది. ప్రమాదం జరిగినప్పుడు కారుకి ఉన్నది. దీనికి రెండు రింగులున్నాయి. కెరెన్సా, నువ్వు బిగించిన ఫిల్టరు ఏ రంగు?"

కెరెన్సా తెల్ల ఫిల్టరుకేసి చూసి నోరు తెరిచింది. "నల్లది! ఇది నాది కాదు."

"నీది ఇదీ." ఎనిడ్ నల్ల ఫిల్టరు తిప్పి చూపించింది. అంచు బోసిగా ఉంది. "దీనికి రింగు లేదు. మూడు ఫిల్టర్లు, మూడు రింగులు. బయటినుంచి ఎవరూ ఏదీ తెచ్చి పెట్టలేదు. కెరెన్సా ఆయిల్ మార్చిన తర్వాత, ఇంకెవరో నల్లది ఊడదీసి తెల్లది బిగించారు. నల్లదాని రింగు ఇంజనుకే అంటుకుని ఉండిపోయింది. ఆ మనిషి అది గమనించలేదు."

"గమనించకపోవడమేంటి?" అంది నరెల్. "కళ్ళకెదురుగా ఉంటుంది. గుడ్డివాడైతే తప్ప..."

ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

"కీడు చెయ్యాలనుకున్నవాడు మేలైన ఫిల్టరు వెతికి బిగించడు," అంది ఎనిడ్ నెమ్మదిగా. "పాతదాన్ని చెత్తలో విసిరేస్తాడు, బోర్లించి ఆరబెట్టడు. ఇది ప్రేమతో చేసిన పని. ఎవరు చేశారో నేను చెప్పగలను. కానీ చెప్పాల్సింది నేను కాదు."

ఆమె ఎవరివైపూ చూడకుండా చేతిగుడ్డతో వేళ్ళకంటిన ఆయిల్ తుడుచుకుంటూ కూర్చుంది.

"నేనేనమ్మా," అన్నాడు హెడ్లీ.

కెరెన్సా తండ్రి వైపు తిరిగింది.

"ఆ చవక ఫిల్టరు వేశావని తెలిశాక నాకు నిద్రపట్టలేదు. నీతో అంటే నొచ్చుకుంటావు. మొదటిసారి నీ చేతులతో చేసుకున్నావు. అందుకని ఆ వారంలోనే, బుధవారం నువ్వు పనికెళ్ళాక నేనే మార్చేశాను. తడుముకుంటూ చేశాను. తుడిచాను కూడా. రింగు మీదే తుడిచానన్నమాట, నున్నగానే తగిలింది." అతను బొటనవేలితో చూపుడువేలు రుద్దుకున్నాడు. "రెండు రింగులని నరెల్ చెప్పిన రోజే నాకు తెలిసిపోయింది. నోరు రాలేదు. నా కూతుర్ని నేనే చంపబోయానని ఎలా చెప్పను?"

"నాన్నా, నీ కళ్ళకేమైంది?"

"నడిమధ్య మసక. పక్కలనుంచి కనిపిస్తుంది. నువ్వెక్కడ నిలబడ్డావో తెలుస్తుంది. నీ మొహమే కనిపించదు." అతను ఎర్రబడిన కన్ను చేత్తో మూసుకున్నాడు. "అడిలైడ్‌లో కంటికి ఇంజెక్షన్లిస్తున్నారు. నెలనెలా వెళ్ళాలి. ఆ గురువారం మొదటిది, వచ్చే గురువారం ఒకసారి మళ్ళీ చూస్తామన్నారు. లూకా తీసుకెళ్ళాడు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. మీ అమ్మకి బాగాలేదని చదువు వదిలేశావు. ఇప్పుడు నాకోసం పెళ్ళి వదిలేస్తావు. నాకు తెలుసు నీ సంగతి. పెళ్ళయ్యేదాకా ఆగుదామనుకున్నాను."

నరెల్ మొహం తిప్పుకుని ముక్కు గట్టిగా చీదింది. "ఎలా కనిపెట్టావు ఎనిడ్? నేను ప్రతివారం కలుస్తాను ఈయన్ని. నాకు తెలియలేదు."

"గిల్ మాట్లాడేదాకా గిల్ ఎవరో ఆయనకు తెలియలేదు. టీ వేలితో కొలిచాడు. ఉల్లిపాయలున్న పేస్టీ తను తిని, తనది నాకిచ్చాడు. బాగున్న బండికి క్లచ్ పోయిందన్నాడు. ఊరందరి బండ్లూ బాగుచేసిన మనిషి సొంత బండి గడ్డిలో వదిలేస్తే, పాడైంది బండి కాదని అర్థమైంది. ఆ కన్ను రవ్వ పడ్డ కన్నులా లేదు. మా అక్కకి ఇంజెక్షన్ వేసిన రోజుల్లో అచ్చం అలాగే ఉండేది." ఎనిడ్ కెరెన్సా వైపు తిరిగింది. "ఒకటి మిగిలింది. కొత్త ఫిల్టరు బిగించే ముందు దాని రింగుకి వేలితో కొంచెం ఆయిల్ రాశావా?"

"రాయాలా?"

హెడ్లీ తల పట్టుకున్నాడు. "పొడిగా బిగించావా! అందుకే వేడికి అంటుకుపోయింది. అయ్యో, నేను చెప్పలేదు. అన్నీ చెప్పాను, అదొక్కటి చెప్పలేదు. ఇన్నేళ్ళూ నా వేలు దానంతటదే రాసేది. అది కూడా ఒక పనేనని, నోటితో చెప్పాలని నాకు తోచలేదు తల్లీ."

కెరెన్సా వెళ్ళి తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అతని చెయ్యి తీసుకుని తన మొహం మీద పెట్టుకుంది. ఆమె నుదుటి దెబ్బ వేళ్ళకి తగలగానే హెడ్లీ చెయ్యి వెనక్కి తీసుకోబోతే, ఆమె తీయనివ్వలేదు.

"పెళ్ళీ ఆగదు, ఆసుపత్రీ ఆగదు," అంది. అప్పుడు గానీ ఆమెకు గుర్తుకు రాలేదు, పెళ్ళి తానే ఆపేసిందని. లేచి గుమ్మం వైపు చూసింది. లూకా అక్కడ లేడు.

ఆమె బయటికి పరుగెత్తింది. గిల్ కూడా రెండడుగులు వేశాడు. ఎనిడ్ అతని చొక్కా పట్టుకుని ఆపింది. "నువ్వెక్కడికి? ఆ కేసు మనది కాదు." కానీ తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి కాబట్టి లోపలున్నవాళ్ళందరికీ అన్నీ వినిపించాయి.

లూకా కంచె పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు.

"నేనే చేశాననుకున్నావు కదా," అన్నాడు. "నాకిప్పుడు అర్థమైంది. నీకు పెళ్ళి ఇష్టం లేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది కాదు. నేను నిన్ను చంపుతాననుకున్నావు."

"అనుకున్నాను."

"నేనంటే భయపడ్డావా?"

"మెట్లెక్కి పైకెళ్ళి తలుపు గడియ వేసుకున్నాను. నీ నుంచి." ఆమె ఏడవలేదు. ఏడిస్తే అతను క్షమించక తప్పదని, అది న్యాయం కాదని ఆమెకు తెలుసు. "నువ్వు అబద్ధం చెప్పావు, నేను అంతకన్నా ఘోరంగా అనుకున్నాను. అడగాల్సింది. నిలబెట్టి అడగాల్సింది."

"నేను చెప్పాల్సింది. మాట ఆయనకిచ్చాను గానీ, పెళ్ళి నీతో కదా." లూకా పక్కనున్న గడ్డిపోచ ఒకటి తెంపాడు. "కోపం లేదంటే ఇంకో అబద్ధమవుతుంది. ఉంది. గుండెలో ఇక్కడ రాయి పెట్టినట్టుంది."

"ఉండనీ," అంది కెరెన్సా. "వచ్చే గురువారం నాన్నని మళ్ళీ చూపించాలి. నువ్వొస్తావా?"

"దేనికి? ఆసుపత్రికా, పెళ్ళికా?"

"రెండింటికీ."

లూకా లేచి ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకున్నాడు. "ఆసుపత్రికి వస్తాను. రెండోది ఇప్పుడడక్కు. దారిలో అడుగు. చాలా దూరం కదా, అప్పటికి నా కోపం కొంచెం తగ్గొచ్చు."

ఆ గురువారం లూకా చేపల వ్యానులో ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని బయల్దేరారు. కెరెన్సా నడిపింది, హెడ్లీ మధ్యలో కూర్చున్నాడు. అడిలైడ్ దాకా ఆగుతుందనుకున్న లూకాకి ఊరి గిడ్డంగులు దాటకముందే ఆ ప్రశ్న ఎదురైంది. అతను గోధుమ చేలు మొదలయ్యేదాకా కిటికీలోంచి బయటికి చూశాడు. చివరికి చెయ్యి చాచి, హెడ్లీ ఒడి మీదుగా, ఆమె చెయ్యి గేరు మీద ఉండగానే పట్టుకున్నాడు. 'మీ మొహాలు నాకు కనిపించలేదు గానీ మీ చేతులు రెండూ నా మోకాలి మీదే ఉన్నాయి, బరువుగా కూడా ఉన్నాయి' అని హెడ్లీ పెళ్ళి విందులో అందరి ముందూ చెప్పి, వాళ్ళిద్దరి మొహాలూ ఎర్రబడ్డాయని నరెల్ చెబితే పకపకా నవ్వాడు.